నవ్వులు ముందే తీసుకుంటారు

నవ్వమన్నారు, నవ్వాడు. ఇంకా గట్టిగా అన్నారు, ఇంకా గట్టిగా నవ్వాడు. ఎదురుగా స్టేజీ మీద మనిషి లేడు, మాట లేదు, థర్మకోల్ గోడకి మేకులు కొడుతూ కార్పెంటరు ఒక్కడు అటు తిరిగి తన పని తాను చేసుకుంటున్నాడు, అతని వీపుని చూసి గ్యాలరీ గ్యాలరీ అంతా పగలబడి నవ్వుతోంది. ముందు వరసలో క్రాంతికుమార్, నలభై దాటినవాడు, బంజారా హిల్స్‌లో ఇన్సూరెన్సు ఆఫీసులో పరువుగా ఉద్యోగం చేసుకుంటున్నవాడు, ఆ పరువుకి ఒక పూట సెలవు పెట్టి వచ్చి, అందరికంటే గట్టిగా నవ్వుతున్నాడు. టీవీ కామెడీ షోలకి ఇదే పద్ధతి, ఫిల్మ్ నగర్‌లో పుట్టిన పిల్లలకి కూడా తెలుసు. నవ్వులు ముందే తీసుకుంటారు, చప్పట్లు ముందే తీసుకుంటారు, ఆశ్చర్యం ఒకటి, కన్నీళ్ళు ఒకటి, అన్నీ తీసి దాచుకుంటారు, జోకులు తర్వాత తాపీగా వస్తాయి, రాకపోయినా కొంప మునిగేదేం లేదు, ఎడిటింగులో ఎక్కడ ఏది కావాలంటే అక్కడ అతికించుకుంటారు. ఆడియన్సుని పోగుచేసి తెచ్చి కూర్చోబెట్టే మంజులత చేత్తో పైకి అంటే అందరూ పైకి, కిందికి అంటే కిందికి. కెమెరా అతని మొహం మీదికి వచ్చినప్పుడు ఆమె వంగి, "అన్నా, నీ నవ్వు మస్తుగున్నది, ఇంకొక్కపారి, జర తొడ మీద కొట్టుకుంట నవ్వు" అంది. మెచ్చుకుంటే ఎవరికి చేదు. తొడ మీద కొట్టుకుంటూ నవ్వాడు. కెమెరా పక్కవాళ్ళ మీదికి జరిగిపోయాక చెంపలు నొప్పెట్టి, అప్పుడు గుర్తొచ్చింది, తను వచ్చింది నవ్వడానికి కాదు కదా అని.

వినడానికి వచ్చాడు. మొన్న, ఈ షోలో స్కిట్లు వేసే పాత స్నేహితుడు రాఘవేంద్ర ఫోన్ చేసి, ఎలా ఉన్నావు ఏంటి అని కూడా అడగకుండా, "క్రాంతీ, ఈసారి స్కిట్‌లో ఆ పాట పెట్టానురా" అన్నాడు. ఆ పాట అంటే ఏ పాటో అడగక్కరలేదు, వాళ్ళిద్దరి మధ్యా ఆ పాట ఒకటే. "రెండు నిమిషాలు జోకులేం ఉండవు, మామూలుగా పాడేస్తాను. డైరెక్టరు గారి కాళ్ళావేళ్ళా పడి ఒప్పించాను. నువ్వొచ్చి ముందు కూర్చో. విని, ఎలా ఉందో చెప్పు. పరవాలేదంటే సొంతంగా రికార్డు చేస్తాను. లేదంటే గిటారు మా మేనకోడలు హరిణికి ఇచ్చేసి ఊరుకుంటాను. దుమ్ము దులపలేక చస్తున్నాను." నవ్వుతూనే అన్నాడు, టీవీ గొంతుతో, పన్నెండేళ్ళుగా స్కిట్లలో అరిచీ అరిచీ అరిగిపోయిన గొంతుతో. క్రాంతి వస్తానన్నాడు. ఫోన్ పెట్టేశాక కాసేపు ఆఫీసు కిటికీలోంచి కిందికి చూస్తూ నిలబడ్డాడు, నేనే ఎందుకురా, ఇంకెవరూ దొరకలేదా నీకు అనుకుంటూ. ఎవరు దొరుకుతారు. కుర్రతనంలో రాఘవ పెట్టిన రాక్ బ్యాండుకి మొదటినుంచీ చివరిదాకా ఉన్న ఏకైక అభిమాని అతనే.

అభిమాని అంటే అలాంటిలాంటి అభిమాని కాదు. ఏ వాయిద్యమూ పట్టుకోవడం రాదు, తాళం వేస్తే తప్పుతుంది, కానీ అభిప్రాయాలు మాత్రం బస్తాలకొద్దీ ఉండేవి. షేక్‌పేట నుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చి, రాఘవ వాళ్ళ ఇంటి వెనక జనరేటరు గదిలో, పాత దుప్పట్లు కట్టిన గోడలకి ఆనుకుని కూర్చుని, పాట ఆగడం ఆలస్యం మొదలుపెట్టేవాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ అక్కడ వాయించేవాళ్ళే లోకువ. తెలుగు రాక్‌కి పనికిరాదనేవాడు, ఇంగ్లీషువాడు మాటని తలుపు దబాలున వేసినట్టు ఆపేస్తాడు, మన మాటకి తలుపు వేసినా చివర సందు ఉంటుంది, అందులోంచి రాగం కారిపోతుంది, కోపం నిలవదు అనేవాడు. గిటారు వాయించేవాడు కళ్ళు మూసుకున్నాడంటే జనం లేచిపోతున్నారని తెలిసి మూసుకున్నట్టే అనేవాడు. పాటలు అయిపోతే టీవీ మీద పడేవాడు. తను నవ్వు పుట్టిస్తున్నానని తెలియనివాడే కామెడీకి కావాలి, తెలిసినవాడు జడ్జీల వైపు చూస్తాడు. జడ్జి కుర్చీలోంచి జారిపడి నవ్వితే ఇంట్లో కూర్చున్నవాడికి నవ్వెందుకొస్తుంది, మన వంతు కూడా ఆయనే నవ్వేశాడు గదా. చిన్నప్పుడు దూరదర్శన్‌లో వచ్చే హాస్య నాటికల్లో ఎవరూ నవ్వేవాళ్ళు కాదు, ఇంట్లోనే ముందు ఎవరు నవ్వుతారోనని ఒకరి మొహాలొకరం చూసుకునేవాళ్ళం, మా నాయిన నవ్వితే అది జోకు, నవ్వకపోతే వార్తలు. ఇలా గంటల తరబడి. అరవింద్ డ్రమ్ముల మీద కర్రలు అడ్డంగా పెట్టేసి నిద్రపోయేవాడు. రాఘవ మాత్రం వినేవాడు, మోకాలి మీద గిటారు పెట్టుకుని, పెదవి కొరుక్కుంటూ, పరీక్ష పేపరు చేతికొచ్చిన పిల్లాడిలా.

ఎందుకంటే రాఘవకి ఆ తిట్ల లెక్క తెలుసు. క్రాంతికి ఏదైనా నచ్చితే దాన్ని చీల్చి చెండాడతాడు, ఇక్కడ తొందరపడ్డావు, అక్కడ నసిగావు, ఈ మాట మింగావు అని ప్రాణం తీస్తాడు. నచ్చకపోతే ఒకటే మాట, బాగుంది. పెళ్ళిలో పప్పు బాగుంది, మేనత్త కట్టుకున్న చీర బాగుంది, ఆఫీసరు కొడుకు గీసిన బొమ్మ బాగుంది. బాగుంది అంటే ఇక దీని గురించి నేను ఆలోచించను అని అర్థం. ఒకసారి అరవింద్ కట్టిన పాట విని క్రాంతి బాగుంది అంటే, పాపం అరవింద్ పొంగిపోయి అందరికీ టీ చెప్పాడు, రాఘవ టీ తాగుతూ పొలమారి ఉక్కిరిబిక్కిరైపోయాడు. అది తల్చుకుంటే ఇప్పుడూ నవ్వొస్తుంది, నిజం నవ్వు, కానీ కెమెరా అటు తిరిగి ఉంది, ఇప్పుడు వచ్చే నవ్వు ఎవరికీ అక్కరలేదు.

ఏసీ ఇంత చల్లగా ఎందుకు పెడతారో, మనుషులు కరిగిపోతారన్నట్టు. వెనక వరసలో ఎవరో టిఫిన్ ఎప్పుడిస్తారని అడుగుతున్నారు. స్టేజీ మీద కార్పెంటరు గోడ పూర్తిచేశాడు, ఇప్పుడది ఒక కిరాయి ఇల్లు, కిటికీకి పరదా కూడా ఉంది, మూలకి గిటారు ఆనించారు. అదే గిటారు. నల్లది, అంచు దగ్గర పెచ్చు లేచింది. ఆ పెచ్చు లేచిన రోజు కూడా క్రాంతికి తెలుసు, ఫిల్మ్ నగర్ వెనక గుట్ట మీద పెద్ద బండ ఒకటి ఉండేది, దాని మీదికి ఎక్కుతూ రాఘవ జారాడు, మోకాలు వదిలేసి గిటారు చూసుకున్నాడు. ఆ బండ మీద కూర్చుంటే కింద జూబ్లీ హిల్స్ ఇళ్ళన్నీ కనపడేవి, ఎవరి ఇంటి ముందు ఏ కారు ఆగిందో, ఎవరి డ్రైవరు ఎక్కడ కునుకు తీస్తున్నాడో. రాఘవ వాళ్ళ నాన్న బసవపున్నయ్య గారు సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజరు, తెనాలి నుంచి కట్టుబట్టలతో వచ్చి ఇల్లు కట్టుకున్న మనిషి, కొడుకు ఆ బండ మీద కూర్చుని అరుస్తుంటే కింద నుంచి, "ఏరా, పాటలు పాడాలనుంటే చక్కగా స్టూడియోకి తీసుకెళ్ళి కోరస్‌లో నిలబెడతాను కదరా, ఈ కేకలేంటి" అనేవారు. తర్వాత మిషన్లొచ్చాయి. బండకి కన్నాలు వేసి పగలగొట్టడం మొదలుపెట్టారు. వాళ్ళు కూర్చునే వైపు చివరికి మిగిలింది. అప్పుడే రాఘవ ఒక పాట రాశానన్నాడు. ఏదీ పాడు అంటే, "ఇప్పుడు కాదు, స్టేజీ మీదే విను. నీ సందు ఉంది కదా, మాట చివర కారిపోయే సందు, దాన్నే వాడుకున్నా" అన్నాడు. ఎంత గర్వంగా అన్నాడో. ఆ పాటలో తన తిట్టొకటి పల్లవి అయ్యి కూర్చుందని క్రాంతికి ఎంత పొగరొచ్చిందో.

మళ్ళీ చెయ్యి పైకి లేచింది, చప్పట్లు. కొట్టాడు. చేతులు వాటంతటవే కొడుతున్నాయి. చప్పట్ల మధ్యలో ఆ సాయంత్రం వచ్చి కూర్చుంది, రావద్దన్నా వస్తుంది అది, ఇరవై ఏళ్ళుగా వస్తూనే ఉంది. కొండ కింద ఆరుబయట మైదానంలో పోటీ, ఏదో కాలేజీవాళ్ళు పెట్టింది, లైట్లు అద్దెకి తేవడానికి డబ్బుల్లేక సూర్యుణ్ణి నమ్ముకున్నారు, అయిదింటికల్లా మొదలుపెట్టారు. ప్లాస్టిక్ కుర్చీలు. క్రాంతి అప్పుడూ ముందు వరసే. రెండు పాటలయ్యాయి, తర్వాత అరవింద్ ఒక్కడూ డ్రమ్ములు మొదలుపెట్టాడు. ఇక్కడే క్రాంతికి ఒక సిద్ధాంతం ఉంది, ఉండకపోతే ఎంత బాగుండేది. డ్రమ్ముల సోలో అనేది భోజనానికి పిలిచినవాడు ముందు ఇల్లంతా తిప్పి చూపించడం లాంటిది, ఇదిగో పూజ గది, ఇదిగో స్టోర్ రూము, మనకేమో ఆకలి, కాబట్టి తెలివైనవాడు ఆ సమయంలో బయటికెళ్ళి ఏదైనా తినిరావాలి. ఈ మాట వందసార్లు చెప్పి వందమందిని నవ్వించాడు. చెప్పిన మాట మీద నిలబడాలి కదా మరి, లేచాడు. గేటు బయట మిర్చి బజ్జీల బండి. నూనె కాగలేదు. కాగుతుంది అన్నా, ఆగు అన్నాడు బండివాడు. ఆగాడు. డ్రమ్ములు ఆగలేదు, ఇంకా ఉన్నాయి, వాటి వెనక గిటారు కలిసింది, దూరం నుంచి ఏదో గొంతు, గేటు దగ్గర ఆటోల చప్పుడు, సోలోలో కూడా పాడుతున్నారేంటి వీళ్ళు అనుకున్నాడు, బజ్జీలు బంగారు రంగుకి తిరుగుతున్నాయి, ఇంకో రెండు వెయ్యి అన్నాడు, రాఘవకి ఇష్టం. పొట్లం పట్టుకుని వచ్చేసరికి పాట అయిపోయింది. డ్రమ్ములు పాటకి ముందున్న గుమ్మం అని, ఆ గుమ్మంలోంచే తను బయటికి నడిచాడని అప్పుడు తెలిసింది.

స్టేజీ మీద రాఘవ గిటారు తీగె తెగింది. కొత్త తీగె కడుతూ ఓ రెండు నిమిషాలు ఊరికే మైకులో మాట్లాడుతున్నాడు, వాళ్ళ నాన్న కోరస్ గురించీ, బండ గురించీ, అద్దెకి దొరకని లైట్ల గురించీ. జనం కుర్చీల మీంచి పడిపోయేలా నవ్వుతున్నారు. క్రాంతి కూడా నవ్వాడు, నవ్వుతూ కూర్చున్నాడు, ఎవరూ చూడలేదు కదా అని అటూ ఇటూ చూసుకున్నాడు. అది అవగానే రాఘవ చెమటలు కక్కుకుంటూ దిగి వచ్చి, పొట్లంలోంచి ఒక బజ్జీ తీసి కొరికి, "ఎలా ఉంది?" అన్నాడు. అప్పుడు చెప్పాలి. ఇన్లేరా, బజ్జీలకి పోయిన, మళ్ళ పాడు అనాలి. ఎంతసేపు పడుతుంది ఆ మాట అనడానికి. జనరేటరు గదికి పోయి దుప్పట్ల మధ్య కూర్చుంటే మళ్ళీ పాడేవాడే, ఆ గొంతుతో, ఇరవై రెండేళ్ళ గొంతుతో. క్రాంతి, "పాట బాగుంది" అన్నాడు. తప్పు దొర్లిందని ఆ క్షణమే తెలిసింది, దాన్ని కప్పెయ్యాలని వెంటనే, "గానీ నువ్వు మధ్యల మాట్లాడినవ్ చూడు" అని అందుకున్నాడు, ఆ మాటల్లో ఎక్కడ తొందరపడ్డాడో, ఏ జోకు ముందు కాస్త ఆగాల్సిందో, గంటసేపు ప్రాణం తీశాడు. రాఘవ విన్నాడు. పెదవి కొరుక్కోలేదు, నవ్వుతూ విన్నాడు. ఆ పాట మళ్ళీ ఎక్కడా పాడలేదు. బ్యాండు ఆ ఏడే ఆగిపోయింది. మాటలు మిగిలాయి, మాటలు పట్టుకుని ఏవో చిన్న షోలు, తర్వాత టీవీ, తర్వాత ఈ స్కిట్లు, విగ్గులు, వేషాలు. వినని పాట మీద ఒక మాట అనేసి ఒక మనిషిని ఇక్కడికి తెచ్చి పడేశాను అని క్రాంతి ఎన్నిసార్లు అనుకున్నాడో. ఆదివారాలు ఇంట్లో అందరూ టీవీ ముందు కూర్చుని రాఘవ స్కిట్‌కి నవ్వుతుంటే, భార్య మనోజ, "మీ దోస్తే గదా, మీరెందుకు నవ్వరు" అని అడిగేది. బాగుంది అనేవాడు.

"సైలెన్స్" అని ఎవరో అరిచారు. గ్యాలరీ మీద ఉన్న లైట్లు ఆరిపోయాయి, స్టేజీ మీద వెలిగాయి, అంత తెల్లటి వెలుగు పగలు కూడా ఉండదు. కెమెరాలన్నీ అటు తిరిగాయి. ఇటువైపు ఒక్కటీ లేదు, వీళ్ళ పని అయిపోయింది, వీళ్ళు నవ్వినా ఏడ్చినా నిద్రపోయినా ఇక ఎవరికీ పట్టదు. రాఘవ వచ్చాడు. భుజాల దాకా ఎర్ర విగ్గు, చిరుగుల ప్యాంటు, పొట్ట ముందుకు వచ్చింది. కిరాయి కట్టకుండా, ఖాళీ చెయ్యకుండా ఇంట్లో కూర్చున్న రాక్ గాయకుడి వేషం, ఇంటి ఓనరు వచ్చి లెమ్మంటాడు, వీడు లేవడు, అదీ స్కిట్. రెండు మూడు జోకులు పడ్డాయి. జడ్జి జారిపడ్డాడు. ఓనరు పోలీసుల్ని తెస్తానని వెళ్ళాడు. రాఘవ మూలనున్న గిటారు తీసుకున్నాడు, స్టూలు మీద కూర్చున్నాడు, మొదట డ్రమ్ములు వచ్చాయి, రికార్డు చేసినవి. క్రాంతి ఒళ్ళు లేవబోయింది. ఇది వింతే, కానీ నిజం, ఇరవై ఏళ్ళ కిందటి కాళ్ళు ఇంకా లోపలున్నట్టు మోకాళ్ళు కదిలాయి, నోట్లో నీళ్ళూరాయి, పచ్చిమిరపకాయ వాసన కూడా తగిలింది. రెండు చేతులతో కుర్చీ పట్టుకున్నాడు. లేవద్దు. లేవొద్దురా. ఇల్లంతా చూపించనీ, పూజ గది చూడు, స్టోర్ రూము చూడు, గుమ్మం దాటకు.

పాట వచ్చింది. బండ మాట్లాడుతోంది. వాన కూర్చోబెట్టిన చోట కూర్చున్నాను, ఎండ పొమ్మన్నా పోలేదు, మీరెవరు నన్ను లెమ్మనడానికి, లేవను నేను, లేవనూ అని చివర ఆ మాట మూసుకోలేదు, సందు తెరుచుకునే ఉంది, అందులోంచి కారిపోవలసింది కారిపోకుండా గుట్ట మీద గాలిలాగా నిలబడింది. ఓరి నీ, ఇది చేశావా నువ్వు, ఇరవై రెండేళ్ళకే చేశావా. రెండో చరణం తొందరపడ్డాడు, అక్కడ ఒక్క క్షణం ఆగితే మిషన్ల మాట తగిలేది. గిటారు మూడో తీగె ఒక వెంట్రుక కిందికి ఉంది. పిట్టలు అనే మాట మింగేశాడు, ఎందుకు మింగాడు, ఊపిరి చాలలేదు, పన్నెండేళ్ళు ఓనర్ల మీదా పెళ్ళాల మీదా అరిచిన ఊపిరి. గొంతు గీరుకుపోయింది, పైకి వెళ్ళాల్సినచోట పైకి వెళ్ళలేక పక్కకి ఒరిగింది, ఒరిగి నిలబడింది. ఆ రోజు ఇది ఒరిగి ఉండదు. ఆ రోజు ఇది ఎక్కడిదాకా వెళ్ళిందో. ఆ మైదానంలో కూర్చున్న ఏ కాలేజీ కుర్రాళ్ళో విన్నారు, మర్చిపోయారు, ఎవరి కోసం పాడాడో వాడు మాత్రం నూనె కాగడం చూస్తూ నిలబడ్డాడు. చీకట్లో క్రాంతి మొహం తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. వెనక ఎవరో విగ్గు చూసి కిచకిచమన్నారు, పక్కవాళ్ళు ఉష్ అన్నారు. మంజులత కూడా చేతులు కట్టుకుని వింటోంది. లేవను నేను అని చివరిసారి ఎత్తుకున్నాడు, లే అన్నాడు, వ అన్నాడు, ఓనరు వెనక నుంచి వచ్చి బకెట్టు నీళ్ళు నెత్తి మీద కుమ్మరించాడు. గ్యాలరీ అంతా ఒక్కసారిగా నవ్వింది, ఎవరూ చెయ్యి ఊపకుండానే. అదే పంచ్ మరి. ఎర్ర విగ్గు మొహానికి అంటుకుపోయి, రాఘవ నోరు ఇంకా తెరిచే ఉంది.

తర్వాత స్కిట్‌కి సెట్టు మారుస్తుంటే క్రాంతి బయటికి వచ్చాడు. మేకప్ గదికి పోయే దారిలో మెట్ల దగ్గర నిలబడ్డాడు. పక్కన మంజులత వాటర్ బాటిళ్ళు పంచుతోంది.

"అమ్మా, ఇప్పుడు పాట నడిచేటప్పుడు, మమ్మల్ని ఏమన్న తీసిన్రా?" అని అడిగాడు.

"గప్పుడు ఇటు కెమెరా యాడున్నది అన్నా. పొద్దుగాల తీసినవే వాడ్తరు. ఫికర్ జెయ్యకు, నీ నవ్వైతే పక్కా పడ్తది. గంత మంచిగ నవ్వినవ్."

పాటకి పడుతుంది. కార్పెంటరు వీపుని చూసి నవ్విన నవ్వు ఆ పాట మీద పడుతుంది, తొడ మీద కొట్టుకుంటూ. ఆదివారం ఇంట్లో మనోజ చూస్తుంది, అక్కడ రాఘవ వాళ్ళింట్లో హరిణి చూస్తుంది, అందరూ చూస్తారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుందామని వస్తే ఆకులు కూడా వేడిగానే ఉన్నాయి. ఇంకేమీ ఆలోచించకముందే రాఘవ వచ్చేశాడు, భుజాన తువ్వాలు, చేతిలో తడి విగ్గు, నెత్తి మీద సగం జుట్టే ఉంది. క్రాంతి పక్కన మెట్టు మీద కూలబడ్డాడు. ముఖం మీద మేకప్ చారలు కట్టింది.

"ఎలా ఉంది?" అన్నాడు.

చెప్పాల్సినవి గొంతు దాకా వచ్చి ఉన్నాయి, రెండో చరణం, మూడో తీగె, మింగిన మాట, అన్నీ ఒకేసారి వచ్చి తలుపు దగ్గర ఇరుక్కున్నాయి. ఏడుపు కూడా వాటితోనే ఉంది. దాన్ని ఆపుకుని నోరు తెరిస్తే ఒకటే బయటపడింది.

"బాగుంది."

రాఘవ అతని మొహం వైపు చూడలేదు. చేతిలో విగ్గు పిండాడు, నీళ్ళు కారాయి. "సరేలే" అన్నాడు. "హరిణికి ఇచ్చేస్తాను. దానికీ పిచ్చే."

"గట్ల గాదు రా. ఆగు." క్రాంతి మెట్టు మీద కూర్చున్నాడు. ఏది ముందు చెప్పాలో తెలియక, అన్నిటికంటే అడుగున ఉన్నది పైకి వచ్చింది. "ఆ దినం నేను ఇన్లే. పాట ఇన్లే. బజ్జీలకి పోయిన. ఇనకుండనే బాగుంది అన్న."

"తెలుసు."

"ఎట్ల తెలుసు?"

"బజ్జీ కొరికితే నోరు కాలిందిరా. అప్పుడే వేసినవి కదా."

ఇరవై ఏళ్ళు. ఇరవై ఏళ్ళుగా తను మోస్తున్న మూట, వాడికి మొదటి ముక్కలోనే తెలిసిపోయింది. "మరి తెలిస్తే, నా మాట పట్టుకోని ఎందుకు ఆపేసినవ్ రా" అన్నాడు క్రాంతి.

"నీ మాటా?" రాఘవ నవ్వాడు, టీవీ నవ్వు కాదు, జనరేటరు గదిలో టీ పొలమారిన నవ్వు. "నీ మాటకి ఆపేస్తే జన్మలో ఒక్క పాటా పాడేవాణ్ణి కాదు. అది కాదురా. ఆ రోజు లైట్లు లేవు కదా, పొద్దు ఇంకా ఉంది. అందరూ కనపడుతున్నారు. డ్రమ్ములు మొదలవగానే నువ్వు లేచావు. వస్తాడులే, వస్తాడులే అనుకుంటూ మొదలుపెట్టాను. మొత్తం పాట ఖాళీ కుర్చీకి పాడాను. తర్వాత మళ్ళీ ఎప్పుడు ఎత్తుకుందామన్నా ఆ కుర్చీయే కనపడేది." తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "నీ మీద కోపమేం లేదు. ఇంకెవరికి పాడాలో తెలియలేదు, అంతే."

ఇన్నాళ్ళూ అనుకున్నదాని గురించి కాదన్నమాట బాధపడాల్సింది. అన్న మాట కాదు, అది గాలికి పోయింది. లేవడం. ఊరికే, ఆకలని, ఒక సిద్ధాంతం ఉందని, లేచి గేటు దాకా నడవడం. దానికి ఎవరినైనా క్షమాపణ అడగొచ్చని కూడా క్రాంతికి ఎప్పుడూ తోచలేదు.

"ఇవాళేమో లైట్లు కళ్ళల్లో కొట్టాయి" అన్నాడు రాఘవ. "ఇటువైపంతా చీకటి. ముందు వరసలో ఎవరో లేచినట్టు అనిపించింది. నువ్వేనా?"

"లేవలే."

రాఘవ తలూపాడు, నమ్మినట్టూ కాదు, నమ్మనట్టూ కాదు. టీవీలో చూసుకుందామంటే ఆ మొహాల సంగతి అతనికి తెలియంది కాదు, పన్నెండేళ్ళు ఇక్కడే బతికాడు. సాక్ష్యం లేదు. చీకట్లో విన్నవాడికి సాక్ష్యం ఎవరుంటారు.

"రెండో చరణం గంత తొందరెందుకు పడ్డవ్?" అన్నాడు క్రాంతి.

రాఘవ తువ్వాలు కిందికి దించాడు.

"మిషన్లొచ్చినయ్ అనంగనే ఒక్క గడియ ఆగాలె. ఆగితే ఇనెటోనికి మిషన్ ఇనవడ్తది. నువ్వు ఆగకుండ ఉరికినవ్. మూడో తీగె దిగింది, చూస్కోలే. పిట్టలు అన్న మాట మింగినవ్, గది మింగే మాటనా? బండ మీద ఏమున్నయ్ రా మనం గాక, పిట్టలే గద. పైకి పోయేకాడ గొంతు పోలే. పోకున్నా మంచిదే, పోనట్టే పాడాలె, నువ్వు పోయినట్టు నటించినవ్." చెప్తూ ఉంటే గొంతు తేలికవుతోంది, కళ్ళు మాత్రం వాటి పని అవి చేస్తున్నాయి. "హరిణికి ఇయ్యకు గిటారు. ఇంక మస్తు తప్పులున్నయ్ దాంట్ల."

రాఘవ పెదవి కొరుక్కుంటున్నాడు. సగం జుట్టు, చారలు కట్టిన మొహం, ఒళ్ళో చచ్చిన పిల్లిలా విగ్గు. "ఇంకా?" అన్నాడు.

"ఆఖరి మాట. అది నేను ఇంక ఇన్లే."

"నీళ్ళు ముందే పోసేశాడు వెధవ. పూర్తయ్యాక పొయ్యరా అని చెప్పాను."

"మరి పాడు."

లోపల్నుంచి అసిస్టెంటు డైరెక్టరు తలుపు తీసి, "రాఘవ గారూ, తర్వాతది మీదేనండీ, విగ్గు పెట్టుకోండి" అని కేకేశాడు. రాఘవ అటు చూసి, ఇటు తిరిగి, చాలా చిన్నగా, పక్కవాడికి మాత్రమే వినపడేలా ఆ మాట ఎత్తుకున్నాడు. గొంతు ఉన్నంత దూరమే వెళ్ళింది. అది ఆ సాయంత్రపు గొంతు కాదు. ఆ గొంతు ఎలా ఉండేదో క్రాంతికి ఇక ఎప్పటికీ తెలియదు. కళ్ళు మూసుకోకుండా, వాడి మొహం వైపే చూస్తూ విన్నాడు. అసిస్టెంటు మళ్ళీ పిలిచాడు. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.